తిరుమల ఘాట్ రోడ్డుపై విద్యుత్ వాహనం: ట్రాకింగ్ పరికరం చూపే బ్యాటరీ శాతంలోని దోషాలు - నిర్ధారణ పద్ధతి

వ్యాస సంగ్రహం:

విద్యుత్ వాహనాల్లో అమర్చిన ట్రాకింగ్ పరికరాలు పంపే బ్యాటరీ శాతం చాలా సందర్భాల్లో వాహనం డ్యాష్‌బోర్డుపై కనిపించే శాతంతో పొసగదు. ఈ తేడా పరికరం చెడిపోవడం వల్లే వస్తుందన్న అభిప్రాయం వాడుకలో ఉన్నా, దోషం ఎక్కువగా కొలతలో కాక కొలతను అర్థం చేసుకోవడంలో ఉంటుంది. ఏ బ్యాటరీని కొలుస్తున్నాం, ఏ సూత్రంతో అంకెను శాతంగా మారుస్తున్నాం, ఆ అంకె ఏ క్షణానికి చెందినది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికితే దోషాల్లో అధికభాగం తేటపడుతుంది. తిరుపతి - తిరుమల ఘాట్ రోడ్డుపై ఎక్కుడు, దిగుడు ప్రయాణాలను సహజమైన పరీక్షావేదికగా తీసుకొని ఈ దోషాలను వేరుపరిచే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: విద్యుత్ వాహనం, ఛార్జ్ స్థితి, ట్రాకింగ్ పరికరం, క్యాన్ బస్, లిథియం ఐరన్ ఫాస్ఫేట్, తిరుమల ఘాట్ రోడ్డు.

1. ఉపోద్ఘాతం

ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ తిరుపతి కేంద్రంగా విద్యుత్ బస్సులను 2022 సెప్టెంబరు 27న, శ్రీవారి బ్రహ్మోత్సవాల వేళ, అలిపిరి వద్ద ప్రారంభించింది. కేంద్రప్రభుత్వ ఫేమ్-2 పథకం కింద మంజూరైన 100 బస్సుల్లో 50 బస్సులను తిరుమల ఘాట్ రోడ్డుకు కేటాయించారు. మిగిలినవి రేణిగుంట విమానాశ్రయం నుండి తిరుమలకు, తిరుపతి నుండి మదనపల్లె, కడప, నెల్లూరు పట్టణాలకు నడిచేలా ప్రణాళిక వేశారు. అదే సంవత్సరంలో తిరుమల తిరుపతి దేవస్థానం కూడా కొండపై వినియోగానికి విద్యుత్ కార్లను ప్రవేశపెట్టింది. ఇవి కాక అద్దె కార్లు, సొంత కార్లు ఈ ప్రాంతంలో ఏటేటా పెరుగుతున్నాయి.

వాహనాలు ఎక్కువైనచోట వాటిని దూరం నుండి గమనించే ఏర్పాటు తప్పనిసరి అవుతుంది. ప్రజారవాణా వాహనాల్లో ఎ.ఐ.ఎస్.-140 ప్రమాణానికి లోబడిన స్థాన సూచక పరికరం, అత్యవసర బటన్ ఉండాలన్న నిబంధన 2019 జనవరి 1 నుండి కొత్తగా రిజిస్టరయ్యే వాహనాలకు అమలులోకి వచ్చింది. ఈ ప్రమాణం మన దేశపు నావిక్ ఉపగ్రహ వ్యవస్థను కూడా పరిగణనలోకి తీసుకుంటుంది. ఆ వ్యవస్థలోని తొలి ఉపగ్రహాన్ని 2013 జులై 1న ప్రయోగించిన శ్రీహరికోట 2022 నాటి పునర్వ్యవస్థీకరణలో తిరుపతి జిల్లాలోనికి వచ్చిందన్నది ఇక్కడి పరిశోధకులకు ఆసక్తి కలిగించే విషయం.

డీజిల్ బస్సు ఎక్కడుందో తెలిస్తే పర్యవేక్షకునికి సగం పని తీరేది. విద్యుత్ బస్సు విషయంలో అది ఎక్కడుందన్నదానితోపాటు దానిలో ఎంత శక్తి మిగిలిందన్నది కూడా తెలియాలి. అలిపిరి వద్ద ఒక వాహనాన్ని కొండపైకి పంపాలా, ఛార్జింగ్‌కు మళ్లించాలా అన్న నిర్ణయం ఆ ఒక్క శాతంపై ఆధారపడుతుంది. శాతం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తే యాత్రికులతో నిండిన వాహనం మలుపుల మధ్య నిలిచిపోయే ప్రమాదం ఉంది. తక్కువగా కనిపిస్తే నడవగల వాహనం డిపోలో వృథాగా నిలబడుతుంది. ఇంజనీరింగ్, భూగోళశాస్త్ర, వాణిజ్య విభాగాల్లో రవాణా శక్తి వినియోగంపై పరిశోధన చేస్తున్నవారికి మరొక ముప్పు ఉంది. ట్రాకింగ్ సంస్థల నుండి తీసుకున్న గణాంకాల్లో బ్యాటరీ శాతం తప్పుగా ఉంటే, దానిపై నిర్మించిన కిలోమీటరుకు వినియోగం వంటి ఫలితాలన్నీ తప్పుతాయి. ఆ తప్పు పట్టికల్లో ఎక్కడా కంటికి కనబడదు.

2. ఒక మాట, మూడు బ్యాటరీలు

తేడాలకు మొట్టమొదటి కారణం భాషకు సంబంధించినది. 'బ్యాటరీ' అన్న ఒకే మాట విద్యుత్ వాహనంలో మూడు వేర్వేరు వస్తువులను సూచిస్తుంది. చక్రాలను తిప్పే మోటారుకు శక్తినిచ్చే అధిక వోల్టేజీ బ్యాటరీ మొదటిది. కార్లలో ఇది సాధారణంగా 300 నుండి 400 వోల్టుల స్థాయిలో ఉంటుంది. దీపాలు, తాళాలు, నియంత్రణ పరికరాలకు విద్యుత్తునిచ్చే సహాయక బ్యాటరీ రెండవది. కార్లలో ఇది 12 వోల్టులు, పెద్ద బస్సుల్లో సాధారణంగా 24 వోల్టులు. ట్రాకింగ్ పరికరం పెట్టెలోనే ఇమిడి ఉండే చిన్న లిథియం బ్యాటరీ మూడవది. వాహనం నుండి సరఫరా తెగిపోయినా పరికరం కొన్ని గంటలు పనిచేయడానికి ఇది ఉపకరిస్తుంది. ఎ.ఐ.ఎస్.-140 ప్రమాణం ఇందుకు కనీసం 4 గంటల సామర్థ్యాన్ని కోరుతుంది.

ఆ ప్రమాణం నిర్దేశించిన మూల సమాచార ప్యాకెట్‌లో ప్రధాన సరఫరా ఉన్నదీ లేనిదీ, ప్రధాన ఇన్‌పుట్ వోల్టేజీ, లోపలి బ్యాటరీ వోల్టేజీ అనే అంశాలు ఉంటాయి. ఇక్కడ 'ప్రధాన' అన్న విశేషణం పరికరం దృష్టితో పెట్టినది. పరికరానికి ప్రధాన సరఫరా అంటే వాహనపు సహాయక బ్యాటరీ మాత్రమే. చక్రాలను నడిపే బ్యాటరీకి సంబంధించిన అంశమేదీ ఆ మూల ప్యాకెట్‌లో లేదు. అది పెట్రోలు, డీజిల్ వాహనాలను దృష్టిలో పెట్టుకొని రూపొందిన చట్రం. డ్యాష్‌బోర్డు సాఫ్ట్‌వేర్ రాసినవారు మాత్రం ప్యాకెట్‌లో వచ్చిన వోల్టేజీని శాతంగా మార్చి, పక్కన బ్యాటరీ బొమ్మ గీసి చూపుతారు. చూసేవారు అది బండి బ్యాటరీ అనుకుంటారు.

ఈ పొరపాటును గుర్తించడం సులభం. విద్యుత్ కారు నడుస్తున్నంతసేపు అధిక వోల్టేజీ బ్యాటరీ నుండి ఒక డి.సి. - డి.సి. కన్వర్టర్ సహాయక బ్యాటరీని నింపుతూ ఉంటుంది. ఆ సమయంలో సహాయక వ్యవస్థలో వోల్టేజీ సుమారు 13.5 నుండి 14.5 మధ్య నిలకడగా ఉంటుంది. కనుక కారు తిరుపతి నుండి చిత్తూరుకు, చిత్తూరు నుండి పలమనేరుకు వెళ్లినా ట్రాకర్‌లో శాతం 100 వద్దే కదలకుండా ఉంటుంది. బండి ఆపి తాళం వేసిన కొద్దిసేపటికి వోల్టేజీ 12.6 దరిదాపుకు దిగుతుంది, శాతం కూడా పడిపోతుంది. నడిస్తే నిండుతూ, నిలిపితే తరిగే బ్యాటరీ శాతం ఎక్కడ కనిపించినా అది సహాయక బ్యాటరీదేనని నిస్సంశయంగా చెప్పవచ్చు.

3. వోల్టేజీని శాతంగా మార్చే అలవాటు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో బ్యాటరీ అన్న మాటకు ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. 1985లో స్థాపితమైన అమరరాజా సంస్థ తిరుపతి సమీపంలోని కరకంబాడి కేంద్రంగా లెడ్-యాసిడ్ బ్యాటరీల తయారీలో దేశవ్యాప్త గుర్తింపు పొందింది. ఇక్కడి మెకానిక్కులకు, పాలిటెక్నిక్ విద్యార్థులకు బ్యాటరీని పరీక్షించడమంటే మల్టీమీటర్ పెట్టి వోల్టులు చూడటమే. లెడ్-యాసిడ్ విషయంలో ఆ పద్ధతి చాలావరకు సరైనదే. కొన్ని గంటలు విశ్రాంతిలో ఉన్న 12 వోల్టుల లెడ్-యాసిడ్ బ్యాటరీ 12.6 లేదా 12.7 చూపితే నిండుగా ఉన్నట్లు, 12.0 దరిదాపున ఉంటే పావువంతుకు వచ్చినట్లు, 11.8కి దిగితే ఖాళీ అయినట్లు అంచనా వేయవచ్చు. వోల్టేజీకి, మిగిలిన ఛార్జ్‌కు దాదాపు సరళరేఖా సంబంధం ఉండటమే దీనికి కారణం.

ఈ జ్ఞానాన్ని లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి యథాతథంగా వర్తింపజేస్తే ఫలితం తారుమారవుతుంది. ఈ రసాయన వ్యవస్థలో ఒక్కో సెల్ నామమాత్ర వోల్టేజీ 3.2. ఛార్జ్ 90 శాతం నుండి 30 శాతానికి తగ్గినా విశ్రాంతి వోల్టేజీలో వచ్చే మార్పు సెల్‌కు సుమారు 0.05 నుండి 0.08 వోల్టులు మాత్రమే. అంటే గ్రాఫు గీస్తే మధ్యభాగమంతా బల్లపరుపుగా ఉండి, రెండు చివర్లలోనే వంగుతుంది. 100 సెల్స్‌ను వరుసగా కలిపిన 320 వోల్టుల ప్యాక్‌ను ఉదాహరణగా తీసుకుందాం. 60 శాతం ఛార్జ్ ఖర్చయితే ప్యాక్ విశ్రాంతి వోల్టేజీ 5 నుండి 8 వోల్టులే తగ్గుతుంది. ఇక ప్యాక్ అంతర్గత నిరోధం 0.1 ఓమ్ అనుకుంటే, ఎత్తు ఎక్కే వేళ 100 ఆంపియర్ల ప్రవాహానికి వోల్టేజీ 10 వోల్టులు కుంగుతుంది. యాక్సిలరేటర్ ఒక్కసారి నొక్కినందుకు వచ్చే కుంగుబాటు, బ్యాటరీలో సగానికి పైగా ఖర్చయినందుకు వచ్చే తగ్గుదల కన్నా ఎక్కువ అన్నమాట.

కనుక ట్రాకర్ లేదా దాని సర్వర్ ప్యాక్ వోల్టేజీ నుండి శాతాన్ని లెక్కిస్తున్నట్లయితే ఘాట్ రోడ్డుపై విచిత్రమైన దృశ్యం కనిపిస్తుంది. ఎక్కేటప్పుడు మలుపు మలుపుకు శాతం అథఃపాతాళానికి జారుతుంది, రోడ్డు చదునైన చోట మళ్లీ లేస్తుంది, దిగేటప్పుడు బ్రేకు వేసినప్పుడల్లా నిండిపోతుంది. ఇలాంటి రంపపు పళ్ల వంటి రేఖ కనిపిస్తే పరికరాన్ని మార్చి ప్రయోజనం లేదు, పద్ధతినే మార్చాలి.

4. అంకె నుండి శాతానికి: క్యాన్ బస్‌లో జరిగే అనువాదం

సరైన పద్ధతి వాహనపు బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ స్వయంగా లెక్కించిన ఛార్జ్ స్థితిని అడిగి తెలుసుకోవడం. ఆ వ్యవస్థ ప్రతి క్షణం ప్రవాహాన్ని కొలిచి, లోనికి ఎంత వచ్చింది, బయటకు ఎంత పోయింది అని లెక్క కడుతూ ఉంటుంది. ఆ ఫలితం వాహనంలోని క్యాన్ బస్ అనే సమాచార వాహికపై ప్రయాణిస్తుంది. ట్రాకర్ దానిని ఊరకనే విని గ్రహించవచ్చు లేదా ఓ.బి.డి. పోర్టు ద్వారా ప్రశ్న పంపి జవాబు పొందవచ్చు.

ఇక్కడ వచ్చే ఇబ్బంది అనువాదకులకు బాగా పరిచితమైనదే. వాహికపై నడిచేది శాతం కాదు, ఒక ముడి సంఖ్య. దానిని శాతంగా మార్చే సూత్రం తయారీదారుని బట్టి మారుతుంది. ఓ.బి.డి. ప్రమాణంలో హైబ్రిడ్ బ్యాటరీ శేషానికి కేటాయించిన సాధారణ ప్రశ్నకు జవాబుగా వచ్చే ముడి సంఖ్యను 100తో గుణించి 255తో భాగించాలి. చాలామంది తయారీదారులు విద్యుత్ కార్లలో ఈ సాధారణ ప్రశ్నకు జవాబివ్వరు, సొంత సంకేతాలను వాడతారు. వాటిలో ముడి సంఖ్యను 2తో భాగించే పద్ధతి తరచుగా కనిపిస్తుంది. భారీ వాహనాల జె-1939 ప్రమాణంలో ఒక అంకె విలువ సాధారణంగా 0.4 శాతం.

ఒక సూత్రానికి బదులు మరొకటి వాడితే ఏమవుతుందో లెక్కించి చూడవచ్చు. 2తో భాగించాల్సిన పద్ధతిలో నిండు బ్యాటరీకి ముడి సంఖ్య 200. దానిని 100తో గుణించి 255తో భాగిస్తే 78.4 వస్తుంది. రాత్రంతా ఛార్జ్ చేసినా 78 దాటని కారు గురించి యజమానులు చేసే ఫిర్యాదుకు ఇది ఒక సంభావ్య కారణం. అటువంటి కారులో బ్యాటరీ క్షీణించిందని నిర్ధారించి, వారంటీ కోసం తిరగడం శ్రమ వృథా. దీనికి విరుద్ధమైన పొరపాటులో 127.5 వంటి అసంభవమైన సంఖ్య వస్తుంది. కానీ సాఫ్ట్‌వేర్ 100 దాటిన ప్రతిదాన్నీ 100గా కుదించి చూపితే ఆ అసంభవం కూడా మరుగున పడుతుంది. బండి సగానికి వచ్చేదాకా 60కి పైన చూపి, చివర్లో వేగంగా పడిపోతున్నట్లు కనిపిస్తుంది.

రెండు బైట్ల సంఖ్యల్లో బైట్ల క్రమం తారుమారైతే దోషం మరీ పెద్దది. 73.5 శాతాన్ని పదింతలు చేసి 735గా పంపారనుకుందాం. బైట్లను వెనుక ముందులుగా చదివితే అది 57090 అవుతుంది. 'సమాచారం లేదు' అన్న సూచనను విలువగా భావించడం ఇంకొక పొరపాటు. జె-1939లో ఒక బైట్ నిండా ఒకట్లు ఉంటే, అంటే 255 వస్తే, దాని అర్థం ఆ సమాచారం అందుబాటులో లేదని. దానిని 0.4తో గుణిస్తే 102, 100/255 సూత్రంతో అయితే కచ్చితంగా 100. ఎప్పుడూ 100 లేదా 102 చూపే బస్సు నిజానికి ఏమీ చెప్పడం లేదు. మౌనాన్ని పూర్ణత్వంగా లెక్కించినట్లు అయింది.

మరికొన్ని వాహనాల్లో ఛార్జ్ స్థితికి రెండు విలువలు ఉంటాయి. హ్యుందాయ్, కియా విద్యుత్ కార్లలో బ్యాటరీ వ్యవస్థ లెక్కించే విలువ వేరు, డ్రైవరుకు చూపే విలువ వేరు. బ్యాటరీ ఆయుష్షు కోసం పైన, కింద కొంత భాగాన్ని వాడుకకు ఇవ్వకుండా ఉంచి, మిగిలిన భాగాన్ని 0 నుండి 100గా చూపుతారు. ఉదాహరణకు 5 నుండి 95 వరకు మాత్రమే వాడుకకు ఇచ్చారనుకుంటే, లోపల 50 ఉన్నప్పుడు బయట కూడా 50. లోపల 20 ఉన్నప్పుడు బయట 16.7. లోపల 10 ఉంటే బయట 5.6 మాత్రమే. మధ్యలో ఏ తేడా లేకుండా చివర్లలో తేడా పెరగడం ఈ రకపు దోషానికి గుర్తు. రెండు విలువల్లో ఏదీ అబద్ధం కాదు. ప్రయాణ నిర్ణయాలకు మాత్రం డ్రైవరు చూసే విలువనే వాడాలి. ఘాట్‌పై డ్రైవరుకు ఒక అంకె, కంట్రోల్ రూముకు మరొక అంకె కనిపించడం కన్నా గందరగోళం లేదు.

5. ఘాట్ రోడ్డు పరీక్షావేదికగా

చదునైన రోడ్డుపై ఒక శాతం తేడా గాలిదో, ట్రాఫిక్‌దో, ఎయిర్ కండిషనర్‌దో తేల్చడం కష్టం. తిరుమల దారిలో భూమ్యాకర్షణే మనకు కొలబద్ద అవుతుంది. తిరుమల సముద్రమట్టానికి 853 మీటర్ల ఎత్తులో, తిరుపతి పట్టణం సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. తేడా సుమారు 690 మీటర్లు. ఎక్కే దారి సుమారు 16 కిలోమీటర్లు, 1944లో తెరిచిన పాత దారిలో దిగుడు సుమారు 19 కిలోమీటర్లు.

30.2 కిలోవాట్-గంటల బ్యాటరీ గల తొలితరం టాటా నెక్సాన్ విద్యుత్ కారును తీసుకొని, మనుషులతో కలిపి బరువు 1700 కిలోలు అనుకుందాం. 690 మీటర్ల ఎత్తుకు ఆ బరువును లేపడానికి కావలసిన శక్తి సుమారు 3.2 కిలోవాట్-గంటలు, అంటే జనం మాటలో 3.2 యూనిట్లు. మోటారు, గేర్ల నష్టాలను లెక్కలోకి తీసుకొని 85 శాతం సామర్థ్యం అనుకుంటే అది 3.8 అవుతుంది. టైర్ల ఘర్షణ, గాలి, ఇతర అవసరాలకు కిలోమీటరుకు 0.1 చొప్పున మరో 1.6. మొత్తం 5.4 యూనిట్లు, బ్యాటరీలో దాదాపు 18 శాతం. దిగేటప్పుడు అదే 3.2 యూనిట్ల స్థితిజ శక్తిలో దారి ఖర్చు 1.9 పోగా మిగిలిన 1.3లో 70 శాతం బ్యాటరీకి తిరిగి చేరితే 0.9 యూనిట్, అంటే 3 శాతం లాభం. ఇవి అంచనాలే. డ్రైవరు తీరు, ఎయిర్ కండిషనర్, టైర్లలో గాలిని బట్టి మారతాయి. అయినా ఎక్కుడుకు 15 నుండి 20 శాతం ఖర్చు, దిగుడుకు సున్నా నుండి కొద్దిపాటి లాభం అన్న ఆకారం మాత్రం మారదు. 14 టన్నుల బస్సుకైతే కేవలం ఎత్తుకు లేపడానికే 26 యూనిట్లు కావాలి.

ఈ ఆకారంతో ట్రాకర్ రేఖను పోల్చడమే నిర్ధారణ. ఎక్కినా, దిగినా రేఖ కదలకపోతే అది సహాయక బ్యాటరీ లేదా లోపలి బ్యాటరీ, లేకుంటే 'సమాచారం లేదు' అన్న సూచన. రేఖ రంపపు పళ్లలా ఉంటే అది వోల్టేజీ నుండి పుట్టిన శాతం. రేఖ మెట్లుగా నెమ్మదిగా దిగి, కొండ దిగేటప్పుడు స్వల్పంగా పెరిగితే బ్యాటరీ వ్యవస్థ లెక్కే అందుతున్నట్లు. ఆకారం సరిగా ఉండి, ఎక్కుడుకు తగ్గుదల 18కి బదులు 14 చూపితే భాగహారపు సూత్రాన్ని అనుమానించాలి. 18ని 0.784తో గుణిస్తే వచ్చేది 14.1 అన్నది గమనార్హం.

ఒక మినహాయింపు చెప్పుకోవాలి. కొండపైనే నిండుగా ఛార్జ్ చేసుకొని దిగే బండిలో తిరిగి వచ్చే శక్తిని నిలవ చేసుకోవడానికి చోటుండదు. బ్యాటరీ వ్యవస్థ ఆ శక్తిని నిరాకరిస్తుంది, భారమంతా మామూలు బ్రేకులపై పడుతుంది. అప్పుడు రేఖ 100 వద్ద చాలాసేపు కదలకపోవడం దోషం కాదు. పూర్తిగా ఛార్జ్ చేయకుండా దిగడమే బ్రేకులకు కూడా మేలు. చిత్తూరు నుండి పలమనేరు వైపు మొగిలి ఘాట్, తిరుపతి నుండి మదనపల్లె దారిలో భాకరాపేట ఘాట్ కూడా ఈ పరీక్షకు పనికివస్తాయి గానీ, తిరుమల దారిలోని ఎత్తు తేడా, ఎక్కుడు దిగుడులకు వేర్వేరు దారులు ఉండటం లెక్కను మరింత స్పష్టం చేస్తాయి.

6. ఏ క్షణపు అంకె?

శేషాచలం అడవుల మధ్య మొబైల్ సంకేతం అంతటా ఒకేలా ఉండదు. సంకేతం లేనప్పుడు పరికరం సమాచారాన్ని తనలో దాచుకొని, సంకేతం దొరికాక పంపుతుంది. ఎ.ఐ.ఎస్.-140 ప్యాకెట్‌లో తాజా సమాచారానికి 'ఎల్' అని, పాత సమాచారానికి 'హెచ్' అని గుర్తు ఉండేది ఇందుకే. సర్వర్ ఆ గుర్తును పట్టించుకోకుండా, చివర వచ్చిన ప్యాకెట్‌నే తాజాదిగా చూపితే, తిరుమల చేరిన బండి శాతం 62 నుండి 75కు, మళ్లీ 62కు గెంతుతున్నట్లు కనిపిస్తుంది. చేరిన సమయం ప్రకారం కాక, పరికరం నమోదు చేసిన సమయం ప్రకారం వరుసలను అమర్చితే ఈ గెంతులు మాయమవుతాయి. పరిశోధకులు సంస్థల నుండి గణాంకాలు తీసుకునేటప్పుడు ఈ రెండు సమయాలనూ అడిగి తీసుకోవడం అవసరం.

నిద్ర మరొక సమస్య. వాహనం ఆపి తాళం వేశాక క్యాన్ బస్ నిద్రలోకి జారుకుంటుంది. ట్రాకర్ మాత్రం మేలుకొని, చివరగా విన్న శాతాన్నే మళ్లీ మళ్లీ పంపుతుంది. రాత్రి 30 వద్ద ఆపి ఛార్జింగ్‌లో పెట్టిన కారు తెల్లవారేసరికి 90 అయినా, కొన్ని నమూనాల్లో ట్రాకర్ ఇంకా 30 అనే చూపుతుంది. ఉదయం బండి కదిలిన కొద్ది నిమిషాలకు ఒక్కసారిగా 90కి గెంతుతుంది. ప్రయాణం మొదలైనప్పటి శాతం నుండి ముగిసినప్పటి శాతాన్ని తీసివేసే సాధారణ లెక్కలో ఆ కారు నడుస్తూనే 60 శాతం సంపాదించినట్లు వస్తుంది. ఇటువంటి ప్రయాణాలను అపవాదాలుగా తొలగించడం కన్నా, శాతం నిజంగా మారిన మొదటి క్షణాన్ని ప్రారంభంగా తీసుకోవడం సమంజసం.

నిద్రను భంగపరచి మాటిమాటికీ ప్రశ్నలు పంపేలా ట్రాకర్‌ను అమర్చడం పరిష్కారం కాదు. దానివల్ల వాహనంలోని నియంత్రణ పెట్టెలు మేలుకొని ఉండి సహాయక బ్యాటరీ హరించుకుపోతుంది. అప్పుడు పెద్ద బ్యాటరీ నిండా ఛార్జ్ ఉన్నా బండి తలుపే తెరుచుకోదు.

7. డ్యాష్‌బోర్డే తప్పితే

ఇప్పటివరకు డ్యాష్‌బోర్డు శాతాన్ని ప్రమాణంగా తీసుకున్నాం. అది కూడా ఒక అంచనాయే. ప్రవాహాన్ని కొలిచే సెన్సార్‌లో 0.5 ఆంపియర్ స్థిరదోషం ఉంటే 10 గంటల వాడకంలో 5 ఆంపియర్-గంటల తప్పు పేరుకుంటుంది. 320 వోల్టుల, 30.2 కిలోవాట్-గంటల ప్యాక్ సామర్థ్యం సుమారు 94 ఆంపియర్-గంటలు. అంటే తప్పు 5 శాతానికి పైబడింది. నికెల్ ఆధారిత బ్యాటరీలో వోల్టేజీ చూసి ఈ లెక్కను సరిదిద్దుకునే వీలుంటుంది. ఐరన్ ఫాస్ఫేట్‌లో మధ్యభాగం బల్లపరుపు కనుక ఆ ఆసరా లేదు. నిండుగా ఛార్జ్ అయిన చివరి దశలోనే వోల్టేజీ నిట్టనిలువుగా పెరుగుతుంది, అక్కడే లెక్క సరిదిద్దుకుంటుంది. ఇటువంటి బ్యాటరీ గల కార్లను వారానికొకసారైనా 100 శాతం వరకు ఛార్జ్ చేయమని టెస్లా వంటి తయారీదారులు సూచించడానికి ఇదొక కారణం. రోజూ 40 నుండి 80 మధ్యనే తిప్పే అద్దె కారులో శాతం ఒక్కసారిగా పడిపోయిందన్న మాట వినవస్తే, ట్రాకర్‌ను విప్పే ముందు కారును ఒకసారి నిండుగా ఛార్జ్ చేసి, కొంతసేపు అలాగే ఉంచి చూడాలి.

వేరుపరచడం ఇలా: ట్రాకర్, డ్యాష్‌బోర్డు ఒకే మాట చెబుతూ, రోడ్డు వేరే మాట చెబితే దోషం బ్యాటరీ వ్యవస్థలో ఉంది. డ్యాష్‌బోర్డు, రోడ్డు పొసగి ట్రాకర్ ఒక్కటే విభేదిస్తే దోషం అనువాదంలోనో సమయంలోనో ఉంది.

8. పరిశీలన విధానం, పరిశోధకులకు జాగ్రత్తలు

ఆచరణలో మొదట చేయవలసింది జతలను సేకరించడం. బండి నిలిపి, తాళం తిప్పి, డ్యాష్‌బోర్డు శాతాన్నీ అదే నిమిషంలో ట్రాకర్ పంపిన శాతాన్నీ రాసుకోవాలి. 20 నుండి 100 వరకు విస్తరించిన ఆరేడు జతలు చాలు. వాటిని గ్రాఫుపై పెడితే సమస్య పేరు తానే చెబుతుంది. బిందువులు ఒకే రేఖపై ఉండి వాలు 0.78 లేదా 1.27 వంటి విలువైతే సూత్రం తప్పు. వాలు 1కి కొద్దిగా తక్కువై, మధ్యలో కలిసి చివర్లలో విడిపోతే లోపలి శాతానికి, చూపే శాతానికి మధ్య తేడా. బిందువులు చెల్లాచెదురుగా ఉంటే సమయ దోషమో, వోల్టేజీ పద్ధతో అయి ఉండాలి. ఒక్క జత ఆధారంగా స్థిరాంకాన్ని కలిపి 'సరిచేయడం' చాలాచోట్ల జరుగుతున్న పని. అది ఆ ఒక్క బిందువు వద్ద తప్పును దాచి, మిగిలినచోట్ల పెంచుతుంది.

తీగల పరిశీలన తరువాతి మెట్టు. క్యాన్ బస్ రెండు చివర్లలో 120 ఓమ్‌ల నిరోధకాలు ఉంటాయి కనుక, విద్యుత్తు ఆపి కొలిస్తే రెండు తీగల మధ్య 60 ఓమ్‌లు రావాలి. ట్రాకర్‌లో మూడో నిరోధకం ఉంటే 40కి దిగుతుంది, సందేశాలు చెదురుతాయి. ఓ.బి.డి. పోర్టులో ట్రాకర్‌తోపాటు మరొక స్కానర్ కూడా ప్రశ్నలు వేస్తుంటే ఒకరి జవాబు మరొకరికి చేరి అర్థంలేని అంకెలు వస్తాయి. నారింజ రంగు తొడుగు గల అధిక వోల్టేజీ తీగల జోలికి మాత్రం శిక్షణ, రక్షణ సామగ్రి లేనివారు ఏ కారణంతోనూ పోకూడదు. బ్యాటరీ శాతాన్ని తెలుసుకోవడానికి వాటిని తాకవలసిన అవసరమే లేదు.

శాతం ఎంత సరిగా అందినా పరిశోధనకు దాని సూక్ష్మత పరిమితం. 30.2 కిలోవాట్-గంటల బ్యాటరీలో 1 శాతం అంటే 0.3 యూనిట్. 5.4 యూనిట్ల ఘాట్ ప్రయాణంలో మొదటి అంకెకు, చివరి అంకెకు కలిపి ఏర్పడే అనిశ్చితి దాదాపు 5.6 శాతం వరకు ఉండవచ్చు. 3 కిలోమీటర్ల నగర ప్రయాణంలో దానితో కిలోమీటరుకు వినియోగం లెక్కించడం అర్థరహితం. వోల్టేజీ, ప్రవాహాల గుణకారాన్ని కాలంతో కూడి శక్తిని లెక్కించడం మేలు. అది దొరకనప్పుడు ఛార్జర్ మీటరు యూనిట్లను వారాల తరబడి సేకరించి, ఛార్జింగ్ నష్టాన్ని తీసివేసి, నడిచిన దూరంతో భాగించాలి. పరిశోధన గ్రంథంలో ఆ గణాంకాలు ఏ బ్యాటరీవి, లోపలి శాతమా చూపే శాతమా, ఏ సూత్రంతో మార్చారు, ఏ సమయాన్ని తీసుకున్నారు అన్న నాలుగు వివరాలు పద్ధతుల అధ్యాయంలో ఉండాలి. పట్టికను ఇచ్చిన ట్రాకింగ్ సంస్థ వద్ద ఈ వివరాలు రాతపూర్వకంగా లభించకపోతే, పైన చెప్పిన ఆరేడు జతలను పరిశోధకులే సేకరించి ఆ పట్టికకు అనుబంధంగా చేర్చవచ్చు. అలిపిరి నుండి తిరుమలకు ఒక రాకపోకతో, మధ్యలో ఒక ఛార్జింగ్‌తో అది ఒక రోజులో పూర్తయ్యే పని.